పాత ఓడకు కడపటి రేవు

వయసు మీరిన రైలుపెట్టెను క్యాంపు కోచిగా మార్చుట ఎరిగిన మన సోదరులకు, చేపలు పట్టే ట్రాలరును దూరయాత్రల నౌకగా మార్చుట వింతగా తోచదు. ఉత్తర సముద్రపు అలలకు ఓర్చిన ఉక్కు దేహము, చేపలు నింపిన చోట నివాసపు గదులు!

1957లో బ్రిటన్‌లో నిర్మించిన అటువంటి ఓడను గ్రీన్‌పీస్ సంస్థ కొని, మూడు తెరచాప కొయ్యలు నిలిపి, 1989లో 'రెయిన్‌బో వారియర్' పేరిట సముద్రములోనికి దింపినది. అదే పేరుగల మునుపటి ఓడను (అదియును పాత ట్రాలరే) 1985లో ఆక్లండ్ రేవులో ఫ్రెంచి గూఢచారులు బాంబులతో ముంచినారు. ఒక ఫొటోగ్రాఫరు మరణించినాడు.

రెండవ ఓడ 2011లో బంగ్లాదేశ్ చేరి 'రొంగ్‌ధొను' అను ఆసుపత్రి నౌక అయినది. ఇంతవరకు మెచ్చదగిన చరిత్రే. కాని 2018లో దానిని చిట్టగాంగ్ తీరపు బురదలో ముక్కలు చేయుటకు అప్పగించినారు. క్లెమెన్సో యుద్ధనౌకను అలంగ్‌కు పంపరాదని పోరాడి, 2006లో దానిని వెనుకకు మళ్ళింపజేసిన సంస్థయే ఇందుకు సమ్మతించినది! తరువాత తప్పు ఒప్పుకొన్నది. ఆ నిజాయితీని మేము కాదనము. అయినను ఆ బురదలో గ్యాసుకట్టరు పట్టిన కార్మికునికి ఆ క్షమాపణ వలన ఒరిగినదేమి?

2025 జూన్ 26న అమలులోనికి వచ్చిన హాంకాంగ్ ఒడంబడిక సైతము తీరపు బురదలో ఓడలు విప్పుటను నిషేధించలేదు. ఓడకు కొత్త రూపమిచ్చు యజమాని, దానిని విప్పు ఖర్చును కూడ ఆనాడే కట్టివేయవలెను.