వాగు ఒడ్డున వనభోజనమా?

కార్తీకం వస్తోందంటే చాలు, గిద్దలూరు, మార్కాపురం వైపు ఇళ్లలో వనభోజనాల కబుర్లు మొదలవుతాయి. గుండ్లకమ్మ ఒడ్డున, అడవిలో ఉన్న నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడికి పోదామని ఎవరో ఒకరు అననే అంటారు. వంట సంగతి మీకు నేను చెప్పాలా! పులిహోర, సజ్జ రొట్టెలు, వేరుశనగపప్పు పొడి అయితే సాయంత్రం దాకా చెడవు. కానీ అంతకంటే ముందు నీళ్ల సంగతి చూసుకోవాలి.

"ఎండ కాస్తుంటే వాగుకేం భయం?" అంటారు మగవాళ్లు. గుండ్లకమ్మ పుట్టేది పైన నల్లమలలో, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. కొండల్లో రాత్రి పడిన వాన మన దగ్గరికి చేరేసరికి ఇక్కడ ఆకాశం తెల్లగానే ఉండొచ్చు. అందుకే ఊళ్లో వాన కాదు, కొండల్లో వాన గురించి ముందురోజే అడగండి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో దిగిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జి డ్యాం నుంచి నీళ్లు వదిలారు, అంతే.

చాపలు ఇంటివైపు ఒడ్డునే, కాస్త మెరక మీద పరవండి. దాటి అవతల కూర్చుంటే, వాగు వస్తే తిరుగుదారి ఉండదు. నీటి అంచున ఒక రాయి పెట్టి మధ్యమధ్య చూస్తుండండి. రాయి మునిగినా, నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా గిన్నెలు వదిలేసైనా పైకి రండి.

"మా వారికి ఈత వచ్చు" అనకండి. బావిలో ఈత వేరు, పారే నీళ్లు వేరు. వడి ఉంటే మోకాటి లోతు నీళ్లే మనిషిని పడగొడతాయి, రెండడుగుల నీళ్లు కారును తేల్చేస్తాయి. చీరకుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటే ఇక చెప్పేదేముంది?

రిషికేశ్‌లో గంగలో రాఫ్టింగ్‌కు వెళ్లేవాళ్లకు ముందే ఒకటి నేర్పుతారు. పడితే వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకు చాపి, వాలుగా ఒడ్డుకు జరగాలి. వడి నీళ్లలో నిలబడబోతే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది. ఒడ్డున ఉన్నవాళ్లు వెంట దూకకూడదు, తాడు విసరాలి. ఆ తాడు మన నడుముకు మాత్రం కట్టుకోవద్దు.

కాబట్టి పులిహోర గిన్నె పక్కనే పదిహేను గజాల గట్టి తాడు పెట్టండి. అడవిలో ఫోను అందుతుందని నమ్మకుండా, ఎన్నింటికి తిరిగొస్తారో పక్కింటి పిన్నికి చెప్పి వెళ్లండి. ఆలస్యమైతే 112కు ఫోన్ చేయమని కూడా చెప్పండి.