వడ్డించే చేతికి వాటా లేదా?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు పెద్దలు. కూర్చున్నవాళ్ళ సంగతి సరే, ఆ వడ్డించే మనిషి విస్తరి మాటేమిటని అడిగే సామెత మాత్రం నాకెక్కడా తగల్లేదు. అందరూ తిని లేచాక గిన్నె అడుగున మిగిలిన పులుసూ, చల్లారిన అన్నమూ ఆ మనిషివి. మన ఇళ్ళల్లో ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా?

ఈ వాటా గొడవ నేను గట్టిగా తేల్చుకున్నది వంటింట్లో కాదండీ, ఓ కంప్యూటర్ ఆటలో. నవ్వకండి. దాని పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ అనే సంస్థ 2003 మే నెలలో విడుదల చేసింది. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 2012లో తన సేకరణ కోసం ఎంచుకున్న 14 వీడియో గేముల్లో ఇదీ ఒకటి. చైనా వాళ్ళకి వేరే ఉంది గానీ, మిగిలిన ప్రపంచమంతా ఒకే అంతరిక్షంలో ఆడుతుంది. యుద్ధాలు, వ్యాపారాలు, మోసాలు అన్నీ ఉంటాయి. నాలాంటివాళ్ళది గని పని. గ్రహశకలాలని లేజర్లతో తవ్వి, ఆ ముడిఖనిజం అమ్ముకోవడం. ఆ లోకంలో ఓడలన్నీ దాదాపుగా ఆటగాళ్ళే ఈ ఖనిజంతో తయారు చేసుకోవాలి. ఎంతటి వీరుడైనా మా తట్టలో మట్టి లేందే గడప దాటలేడన్నమాట!

ఒక్కరూ తవ్వుకోవచ్చు. పదిమంది కలిస్తే ఎక్కువ వస్తుంది. ఆ పదిమందినీ కలిపి నడిపించే మనిషి ఒకరుండాలి. మాది తెలుగు కుర్రాళ్ళ చిన్న గుంపు. శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ పని నాది.

నేను నడిపేది ఓర్కా అనే పెద్ద ఓడ. అది తవ్వేది తక్కువ, సేవ ఎక్కువ. దాని ప్రభావం వల్ల చుట్టూ ఉన్నవాళ్ళ లేజర్లు వేగంగా పని చేస్తాయి, దూరపు రాయి కూడా అందుతుంది. వాళ్ళు తవ్విన సరుకు నా ఓడలో పోస్తారు. ఎవరికి ఏ రాయో నేనే పంచిపెడతాను. లేకపోతే ఇద్దరు ఒకే రాయి మీద పడి, అది మధ్యలోనే అయిపోయి ఒకరి శ్రమ వృథా అవుతుంది. కొత్తగా చేరినవాడికి నేర్పాలి. చుట్టుపక్కలకి దొంగలెవరైనా వచ్చారేమో కనిపెట్టి చూస్తుండాలి. కాంకార్డ్ అనే పోలీసులు కాపలా ఉన్నచోట కూడా దాడులు జరుగుతాయి. దాడి చేసినవాడిని వాళ్ళు తప్పక శిక్షిస్తారు గానీ, అప్పటికే మన ఓడ ముక్కలై ఉంటుంది. అచ్చం మన సినిమాల్లో లాగానే.

2016 నవంబరు దాకా ఇలాంటి ఓడని అదే సౌరమండలంలో ఎక్కడో భద్రంగా దాచి ఉంచినా దాని ప్రభావం అందరికీ అందేది. ఆ నెలలో నియమం మార్చారు. ఇప్పుడు పక్కనే నిలబడాలి. పొయ్యి దగ్గర సెగ వంటమనిషికీ తగలాల్సిందే.

ఇంత చేస్తే, లెక్కలో నా పేరెక్కడుంది? ఆటలో మైనింగ్ లెడ్జర్ అని ఓ పద్దుపుస్తకం ఉంది. 2017లో వచ్చింది. ఎవరు ఏ ఖనిజం ఎంత తవ్వారో దానంతటదే రాసుకుంటుంది. కాపలా కాసినందుకూ, మోసినందుకూ, నేర్పినందుకూ అందులో గడి లేదు. ఓ రోజు లెక్క చూసుకుంటుంటే ఒక కుర్రాడు అడగనే అడిగాడు, "అక్కా, మీరు తవ్విందేమీ లేదు కదా, మీకు వాటా ఎందుకు?" అని.

వాడితో వాదించలేదు. మరుసటి శనివారం ఓర్కా తీయకుండా, నేనూ ఓ చిన్న వెంచర్ వేసుకుని నా రాయి నేను తవ్వుకున్నాను. ఎవరి సరుకు వాళ్ళు మోసుకెళ్ళి దింపి రావాల్సి వచ్చింది. ఒకడు దొంగల్ని చూసుకోక ఓడ పోగొట్టుకున్నాడు. గంటన్నరకే అందరూ విసిగిపోయి నిద్ర పేరు చెప్పి వెళ్ళిపోయారు. ఆ వారమే కొత్త కట్టుబాటు పెట్టుకున్నాం. అమ్మకం సొమ్ములో వందకి పదిహేను ముందే తీసి ఓర్కాకీ, మోతకీ, కాపలాకీ ఇస్తాం. మిగిలింది ఎవరు తవ్విన లెక్కన వాళ్ళకి. అందరికీ సమానంగా పంచితే పోలేదా అన్నారు కొందరు. డబ్బు పోగేసి పెద్ద ఓడ కొనుక్కున్నవాడికి అది అన్యాయం. ఇంకో మాట కూడా ఖచ్చితంగా చెప్పాను. నడిపించే మనిషి లెక్క అందరి ముందూ పెట్టాలి. పెత్తనం చేతిలో ఉందని గుప్పిట మూసుకుంటే కుదరదు.

తమాషా ఏమిటంటే, ఈ ఆట ఆడేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. తవ్వని ఓడకి వాటా ఇవ్వాలంటే ఒక్క వారంలో అర్థమైంది వాళ్ళకి. మరి ఇంట్లో? 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే ఆడవాళ్ళని బిచ్చగాళ్ళతోనూ ఖైదీలతోనూ కలిపి పని చెయ్యనివాళ్ళ కింద చూపించారు. 2010లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. దాదాపు అయిదు గంటలు! ఏ లెడ్జర్‌లో రాశారు?

"ఇల్లేమన్నా వ్యాపారమా, ప్రేమ ఉన్నచోట లెక్కలేమిటి?" అంటారు కొందరు. ప్రేమ ఉండాల్సిందే. కానీ జీతం తెచ్చే చేతి లెక్క పైసలతో సహా రాసుకుని, వడ్డించే చేతి దగ్గరికొచ్చేసరికి ప్రేమ గుర్తు చేస్తే ఎలా? మా ఆటలోనూ అంతే. వాటా దక్కని నాయకులు పోట్లాడరు. ఒకరోజు రావడం మానేస్తారు. గుంపు ఎందుకు చెదిరిపోయిందో మిగతావాళ్ళకి అర్థం కాదు. ఇల్లాలు అలా మానెయ్యలేదు గనక ఆ కష్టం ఎవరి కంటా పడదు.

అందుకే నేననేది, వాటా సంగతి పని అయ్యాక తేల్చుకునేది కాదు, మొదలుపెట్టే ముందే చెప్పుకోవాలి. ఒకటో తారీఖున పాల లెక్క, ఇంటద్దె, పిల్లల ఫీజు తీసి పక్కన పెడతాం కదా. ఆ చీటీలోనే ఇల్లు నడిపే మనిషి పేరున మరో పద్దు రాయండి. ఎంతైనా సరే, ఆవిడ పేరున్న బ్యాంకు ఖాతాలోకి వెళ్ళాలి. ఎందుకు ఖర్చు పెట్టావని ఎవరూ అడగకూడదు. ఈ నెల చీటీ రాసేటప్పుడే మొదలుపెట్టి చూడండి, ఏమంటారు?