పింగ్ వస్తోంది కదా, ఇంక టెస్టెందుకు?

మన నెట్‌వర్క్ టీముల్లో రోజూ వినిపించే మాట ఒకటుంది: "పింగ్ వస్తోంది కదా బాస్, లైను బానే ఉంది." దీనికి తోబుట్టువు ఇంకోటి: "ఆ ఎల్లో అలారం ఊరికే వస్తూంటుంది, డిటెక్షన్ తీసేయ్." ఈ రెండూ కలిస్తే హైదరాబాదులో మన స్క్రీన్ అంతా గ్రీన్‌గా ఉంటుంది, అమెరికాలో ఏదో చిన్న ఊళ్ళో బ్రాంచి ఆఫీసు వాడు తల పట్టుకుంటాడు.

ఈ రోజుల్లో ఇంకా టీ1లేంటి అంటారేమో. నిజమే, చాలా తగ్గిపోయాయి. కానీ మేం చూసే క్లయింటు దగ్గర ఛానలైజ్డ్ టీ3 కార్డు ఇంకా బతికే ఉంది. ఒక టీ3లో 28 టీ1లు, ఒక్కో టీ1లో 24 ఛానళ్ళు. తీసేసేదాకా చూసుకోవాల్సింది మనమే మరి :)

ముందు అలారాల సంగతి. రెడ్ అంటే మనకొచ్చే సిగ్నల్ పోయింది, లేదా అందులో ఫ్రేమింగ్ దొరకట్లేదు. బ్లూ అంటే దారి మధ్యలో ఉన్న పరికరం తనకి వెనక నుంచి ఏమీ రాక, వరసగా అన్నీ ఒకట్లే పంపుతోంది. ఎల్లో మాత్రం వేరే జాతి. "నువ్వు చెప్పేది నాకు వినపడట్లేదు" అని అవతలివాడు మనకి పంపే కబురది. మనకి వచ్చేది శుభ్రంగా ఉన్నా, మనం పంపేది చేరట్లేదని ముందుగా చెప్పేది అదే. దాన్ని 'నో' కొట్టి తీసేస్తే ఏమవుతుంది? ఇంటర్‌ఫేస్ అప్ అంటుంది, కీపలైవులు పోయి ప్రోటోకాల్ డౌన్ అంటుంది. ఇంక మనవాడు అవతల పెట్టింది హెచ్‌డీఎల్‌సీయా, పీపీపీయా అని రెండు గంటలు కాన్ఫిగ్ తవ్వుతాడు.

తియ్యడానికి కారణమే ఉండదని అనను. పాత డీ4 ఫ్రేమింగులో ఎల్లో అంటే ప్రతి ఛానల్లోనూ రెండో బిట్టు సున్నా చెయ్యడం. మామూలు డేటా కూడా ఒక్కోసారి అలా కనబడి దొంగ అలారం రావచ్చు. ఈఎస్‌ఎఫ్‌లో ఆ కబురు వేరే డేటా లింకు మీద వెళ్తుంది, ఈ తంటా లేదు. మరి ఈఎస్‌ఎఫ్ లైన్లకి కూడా ఆ కమాండు ఎందుకు పెడుతున్నట్టు? రాసినవాణ్ణి అడుగుదామంటే వాడీపాటికి రెండు కంపెనీలు మారి ఉంటాడు.

ఇక పింగ్. పది లక్షల బిట్లకి ఒకటి తప్పుతోందనుకోండి. వంద బైట్ల పింగులు ఐదు కొడితే ఒక వైపు వెళ్ళేవి 4,000 బిట్లు. అందులో తప్పు దొరికే అవకాశం 250కి ఒకటి. హాయిగా ఐదుకి ఐదూ వస్తాయి. అదే లైను మీద 1,500 బైట్ల ప్యాకెట్టంటే 12,000 బిట్లు, అంటే నూటికి ఒకటి పైనే పోతుంది. ఫైల్ కాపీ నత్తనడక నడవడానికి అది చాలు. పైగా సిస్కో పింగ్ డిఫాల్టుగా పంపే డేటా హెక్స్‌లో ఏబీసీడీ (నిజంగానే). అందులో కావలసినన్ని ఒకట్లు. అవతలి చివర లైన్ కోడింగ్ ఒకవైపు ఏఎంఐ, ఇంకోవైపు బీ8జెడ్ఎస్ అని పెట్టి ఉంటే, ఎనిమిది సున్నాలు వరసగా వెళ్తే గానీ ఆ తేడా బయటపడదు.

బర్ట్ అయితే దాచడానికేం ఉండదు. అవతలి సీఎస్‌యూని లూప్‌లో పెట్టించి పది నిమిషాలు నడిపితే 92 కోట్ల పైచిలుకు బిట్లు వెళ్తాయి. పై లెక్కన 900 పైగా తప్పులు కళ్ళముందు కనబడతాయి. తర్వాత లూపుని ఒక్కో మెట్టూ మన వైపు జరుపుకుంటూ రావాలి. ఎక్కడ తప్పులు ఆగిపోతాయో దానికి అవతలి ముక్కలోనే జబ్బు. ఆ కాగితం చేతిలో ఉంటే ప్రొవైడరు "మా వైపు అంతా క్లీన్" అని టికెట్ మూసేయలేడు. (అయ్యాక లూప్ తియ్యండి బాబూ.)

బర్ట్ నడిచినంతసేపూ ఆ టీ1 మీద ట్రాఫిక్ ఉండదు, అందుకే అందరికీ భయం. కొత్త లైను వచ్చిన రోజైతే ఆ భయం కూడా లేదు, ట్రాఫిక్కే లేదు కదా. అయినా ఆ రోజున చేసి రిజల్టు దాచిపెట్టే టీములు నాకు తగల్లేదు. పాత లైన్ల విషయానికొస్తే, "పది నిమిషాలు డౌన్‌టైమ్ ఎవడిస్తాడు?" అంటారు మేనేజర్లు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి రెండైనప్పుడు మనకి మధ్యాహ్నం పన్నెండు అటూఇటూ. బ్రాంచి మూసి ఉంటుంది, మనం మెలకువగా ఉంటాం. ఒక మెయిల్ కొట్టి విండో అడిగి చూడండి.