సునామీకి మబ్బుతో పని లేదు

సముద్రం పొంగిందంటే కృష్ణా జిల్లా తీరవాసులకు ముందుగా గుర్తుకు వచ్చేది 1977 నవంబరు 19. ఆనాటి తుపాను వెంట వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచివేసింది. సుమారు పదివేలమంది ప్రాణాలు కోల్పోయారు. గాలీ వానా చూసి సముద్రాన్ని అంచనా వేయడం తీరగ్రామాలకు తరతరాల అలవాటు. ఆ అలవాటు 2004 డిసెంబరు 26న అక్కరకు రాలేదు.

ఆనాడు బంగాళాఖాతంలో తుపాను హెచ్చరిక ఏదీ లేదు. సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. కొద్ది గంటల్లోనే కెరటాలు కోస్తాను తాకాయి. రాష్ట్రంలో వందమందికి పైగా మరణించారు. నడిసముద్రంలో ఉపగ్రహం కొలిచిన అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు మాత్రమే. ఒడ్డు చేరేసరికి అదే ప్రాణాంతకమయింది.

సునామీ వస్తే ఆ తర్వాత వాతావరణం మారిపోతుందని, తుపానులు పెరుగుతాయని కొందరు భయపడడం కద్దు. ఇది అపోహ. తుపానుకు బలం సముద్రపు పైపొరల్లోని వేడి, గాలిలోని తేమ. సునామీ ఆ వేడిని చెప్పుకోదగినంతగా మార్చదు. సముద్రంలో అలజడి కూడా కొద్ది రోజుల్లో సద్దుమణుగుతుంది.

సునామీ మిగిల్చే అసలు నష్టం నేల మీద వుంటుంది. 2004లో తమిళనాడులోని నాగపట్నం జిల్లా పొలాల్లోకి, బావుల్లోకి ఉప్పునీరు చేరింది. ఆ తర్వాత కురిసిన వానలే చాలావరకు ఉప్పును కడిగివేశాయి. సునామీ వాన తేలేదు గాని, వానే సునామీ గాయాన్ని మాన్పింది.

కనుక తీరవాసులు రెండు పాఠాలు వేర్వేరుగా నేర్వాలి. తుపాను ముందుగా కబురు పంపి వస్తుంది. సునామీకి మబ్బుతో పని లేదు. భూమి గట్టిగా కంపించినా, సముద్రం హఠాత్తుగా వెనక్కు తగ్గినా వెంటనే మెరకకు పోవాలి. మొదటి కెరటమే పెద్దది కానక్కరలేదు గనుక, అధికారులు చెప్పేవరకు తిరిగి రారాదు.

హైదరాబాదులో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. అయితే అక్కడి కబురు చివరి పల్లెకు నిమిషాల్లో చేరినప్పుడే దానికి సార్థకత. మెరకకు దారి ఎటో ప్రతి తీరగ్రామంలో తెలుగులో రాసి వుంచాలి. బడిపిల్లలకు నేర్పాలి. సునామీ వచ్చి వెళ్లాక మంచినీటి బావులను పరీక్షించే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించాలి. ఆకాశం నిర్మలంగా వుందని అధికారులు ఏమరుపాటుగా వుండడం తగదు.