అమ్మమ్మ పొట్లము



గత మాసమున తులసినిగూర్చి వ్రాసితిమి. ఈ మాసమునకు వేప యని తలచితిమి గాని, మధ్యలో నొక సంగతి తటస్థించినందున వేపను వచ్చు సంచికకు వాయిదా వేయుచున్నాము.

ఖతరు దేశమున పనిచేయు మన పేట యువకుడొకడు సెలవుపై వచ్చి, కోవెలలో పూజ ముగిసిన పిమ్మట మా చేతిలో ఒక కాగితపు పొట్లము పెట్టెను. అది కీర్తిశేషురాలైన అతని అమ్మమ్మ యిచ్చిన పొడి. దోహా నగరమున కడుపు బిగిసి బాధపడిన యొకనాడు, "అమ్మమ్మ మందే గదా" యని పెద్ద చెంచాతో రెండుమార్లు మ్రింగెనట. ఆ రాత్రి విరేచనములు పట్టరానివై ఒడలు వశము తప్పెను. తోడివారు ఆసుపత్రికి కొనిపోయిరి. వైద్యుడు "ఇది యే ఆకు? ఎంత పుచ్చుకొంటివి?" అని యడుగగా, "అమ్మమ్మ మందు" అనుట తప్ప అతనికి వేరొక మాట తోచలేదు. దైవకృపవలన బ్రతికి వచ్చినాడు. వాసన చూచి సునాముఖి కావచ్చునని మేమనుకొంటిమి. గాని పొడిని చూచి నిశ్చయముగా చెప్పుట మా తరము కాదు.

సునాముఖి ఆ ఎడారివారికి క్రొత్తది కాదు. వారు దానిని సనా అందురు. మక్కా పేరు చేర్చి సనా మక్కీ యనియు నందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ముఖ్యౌషధముల పట్టికలో సహితము దీనికి చోటు కలదు. ఇది పెద్దప్రేగును కదలించి మలబద్ధమును పోగొట్టును. మితము తప్పినచో ఒంటిలోని నీటిని, లవణములను తోడివేయును. ఆ దేశపు ఎండలో అట్లు జరిగినచో ప్రాణముమీదికి వచ్చును.

ఖతరునందు ఏటికి పడు వాన సుమారు 75 మిల్లీమీటర్లు మాత్రమే. మన మారిషసున ఒక్క తుపాను రాత్రియే అంతకు మించి కురియును. అయినను ఆ నేలపై మందుమొక్కలు కలవు. సిద్ర్ అను చెట్టు మన రేగు జాతిదే. దాని వేళ్లు లోతునకు దిగి నీటిని వెదకికొనును. పండ్లు తిందురు, ఆకుల పొడితో తల రుద్దుకొందురు, మృతులకు చేయించు స్నానపు నీటిలో ఆ యాకును కలుపుదురు. మనమును భోగినాడు పిల్లల తలపై రేగుపండ్లు పోయుదుము. రథసప్తమినాడు జిల్లేడాకులతో పాటు రేగుపండును తలపై నుంచి స్నానమాడుదుము. ఆ జిల్లేడును అచట కలదు, ఉషర్ అందురు. దాని పాలు కంటబడినచో చూపునకు ముప్పు. ఇసుకలో ప్రాకు చేదుపుచ్చకాయ, వారి హంజల్, మరింత ఉగ్రమైన విరేచనకారి. కొలత ఎరుగనివాని చేతిలో అది విషమే.

మొక్కలతో పాటు ఇనుమును కాల్చి వాత పెట్టుటయు ఆ ప్రాంతపు పాత వైద్యమే. మన పూర్వులు విడిచి వచ్చిన తెలుగు పల్లెలలోను కామెర్లకు చేతిపై వాత పెట్టు ఆచారము కలదు. వాతవలన కామెర్లు పోవు. పుండు మిగులును, చికిత్స ఆలస్యమగును.

1949 తుదిలో ఖతరు చమురును విదేశములకు పంపుట ప్రారంభించెను. 1957లో దోహాలో రుమేలా ఆసుపత్రి తెరువబడెను. కాపరుల గుడారములలో నోటిమాటగా నడచిన వైద్యము ఒక్క జీవితకాలములోనే ప్రక్కకు జరిగినది. ఆ దేశమువారు దానిని పూర్తిగా విడువలేదు. ఖురానునందును ప్రవక్త వాక్యములందును పేర్కొనబడిన మొక్కలను పెంచుటకై 2008లో ఒక ఉద్యానవనమును నెలకొల్పిరి. 2016లో రక్తము తీయు హిజామా, మన ఆయుర్వేదము మొదలగు పద్ధతుల వైద్యులకు అనుమతిపత్రము లిచ్చు ఏర్పాటు చేసిరి. స్త్రీలకును పిల్లలకును వైద్యము చేయుటకు 2018లో పూర్తిగా తెరచిన పెద్ద ఆసుపత్రికి సిద్రా అని ఆ రేగుచెట్టు పేరే పెట్టిరి. ఇది మెచ్చదగినది. కాని తోటలో చెట్టు నిలిచినంతమాత్రమున మోతాదు నిలువదు. అది మనుష్యుల జ్ఞాపకములో నుండునది.

మన సంగతి చూతము. చెరకుతోటల శిబిరములలో మన పెద్దలకు వైద్యులు దూరముగా నుండిరి. కషాయములు పెట్టు అవ్వలే దగ్గరగా నుండిరి. మా పేటలోని అట్టి యొక అవ్వ కడుపునొప్పికి ఆయపానా ఆకు కాచి యిచ్చెడిది. పసిబిడ్డ కైనచో ఇచ్చెడిది కాదు. కన్ను పచ్చబడినవాడు వచ్చినచో, "నా ఆకు చాలదు, ఆసుపత్రికి పొండు" అని తలుపు మూసెడిది. ఆ తలుపు మూయుటయు ఆమె వైద్యములో భాగమే యని మాకు ఇప్పుడు తెలియుచున్నది. ఆమె పోయినది. ఆకు పేరు మిగిలినది. ఎప్పుడు ఈయరాదో చెప్పువారు లేరు.

మన ద్వీపపు మందుమొక్కలను శాస్త్రరీతిగా పరిశీలించి గ్రంథములు వ్రాసిన శ్రీమతి అమీనా గురీబ్ ఫకీమ్ గారు 2015 నుండి 2018 వరకు మన రాష్ట్రపతిగా నుండిరి. పండితులు చేయవలసినది వారు చేసిరి. ఇంటింటి కొలతను వ్రాయవలసినది మనమే.

కావున కోవెల వసారాలో ఒక పుస్తకము ఉంచినాము. మీ ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి యడిగి, మొక్క పేరు తెలుగులోను క్రియోలులోను, వాడు భాగము, కొలత, ఎవరికి ఈయరాదు, ఏ లక్షణము కనబడిన వెంటనే ఆసుపత్రికి పోవలెను, ఈ ఐదును వ్రాయుడు. పేరు వ్రాయని పొట్లమును పరదేశము పోవు పిల్లల పెట్టెలో పెట్టకుడు. వైద్యుడడిగినపుడు సిగ్గుపడక చెప్పుమని వారికి బోధింపుడు.

ఆ యువకుడు తన పొట్లమును మా యొద్దనే విడిచి పోయినాడు. దానిపై వ్రాయుటకు మాకు పేరు దొరకలేదు. మీ యింటి పొట్లములకు పేర్లు చెప్పగలవారు ఇంకను జీవించియుండగనే వ్రాసికొనుడు.

సర్వే జనాః సుఖినో భవంతు.