పాసుబుక్కులో యాడి పేరేది?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

మేం తరిగొప్పుల వైపు తండాల నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నవాళ్లం. మా ఇండ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. ఆ చదువు పైసలు పత్తి చేన్ల నుంచే వస్తున్నయి. విత్తనం పెట్టేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా మన యాడిలే. పాసుబుక్కు తెరిస్తే మాత్రం బాపు పేరో, తాత పేరో ఉంటది.

"ఒక్క ఇంటోళ్లమే కదా, ఎవరి పేరు మీదుంటే ఏంది?" అంటరు. తేడా ఉంది. రైతు భరోసా పైసలు, సీజన్‌కు ఎకరానికి 6,000, పట్టాదారు ఖాతాలోనే పడతయి. పంట రుణానికి బ్యాంకోళ్లు పాసుబుక్కే అడుగుతరు. 2018లో వచ్చిన రైతు బీమా 5 లక్షలు రావాలంటే చనిపోయిన మనిషి పేరు మీద భూమి ఉండాలె. చేన్ల పాము కరిచి యాడి చనిపోతే, ఆమె పేరు మీద గుంట భూమి లేకుంటే ఆ ఇంటికి బీమా రాదు.

ఇప్పుడు చట్టం సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచే కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. కానీ 1956 హిందూ వారసత్వ చట్టంలోని 2(2) సెక్షన్ ప్రకారం, కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. అందుకే మన దగ్గర ఆడపిల్ల వాటా "ఆచారం" చేతిలో ఉండిపోయింది. దీన్ని సవరించే విషయం ఆలోచించమని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. 2025 జులై 17న ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో ఇంకో మాట తేల్చింది: ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు కాకపోతే, సమాన వాటా ఇయ్యాల్సిందే.

మరి ఆ ఆచారం ఎంత గట్టిది? మన లంబాడీల్లో తాతల కాలంలో పెండ్లికొడుకు వైపు వాళ్లే పిల్లకు ఓలి ఇచ్చేటోళ్లు. ఇప్పుడు మనమే కట్నం తీసుకుంటున్నం. ఆచారం అట్ల తలకిందులైనప్పుడు ఎవ్వరూ అడ్డం చెప్పలే. భూమి కాడికి వచ్చేసరికి మాత్రం ఆచారం గుర్తొస్తది. పైగా "కట్నం ఇచ్చినం కదా, ఇంకేం వాటా?" అంటరు. కట్నం అల్లుడి చేతిల పడుతది, పిల్ల పేరు మీద కాదు.

"ఆడపిల్లకిస్తే భూమి బయటోళ్లకు పోతది" అనే భయం కూడా ఉంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1/70 చట్టం ఉంది. అది ఆడ పట్టాదారుకైనా, మగ పట్టాదారుకైనా ఒక్కటే. తరిగొప్పుల వైపు ఏజెన్సీ కాదు, ఆ రక్షణ లేదు. ఇక్కడ అప్పులకు, తాగుడుకు భూములు అమ్ముకుంటున్నది ఆడపిల్లలు కాదని మనందరికీ తెలుసు.

పట్టా ఇద్దరి పేరు మీద ఉండుడు కొత్త ముచ్చట కూడా కాదు. 2006 అటవీ హక్కుల చట్టం పెండ్లయినవాళ్లకు భార్యాభర్తలిద్దరి పేరున పట్టా ఇయ్యాలని చెప్తది. మహబూబాబాద్, భూపాలపల్లి పోడు ఊర్లల్ల ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ ఇంటి పట్టా తీసి చూడండి, ఇద్దరి పేర్లు ఉన్నయా అని.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది మన జిల్లాలనే. ఆమె ఫొటోకు దండలేస్తున్నం, సంతోషమే. కానీ రేపు మన ఇంట్ల విరాసత్ నాడు "ఇక్కడ సంతకం పెట్టక్కా, నాకేం వద్దని రాయి" అని అక్క ముందు కాగితం పెట్టేది ఎవరు? చదువుకున్న తమ్ముళ్లమే. ఆ కాగితం మనం రాయొద్దు. వారసుల జాబితాల యాడి పేరు, అక్కచెల్లెళ్ల పేర్లు మనమే రాయించాలె. బాపు బతికుండగానే కొంత భూమి యాడి పేరు మీద చేయమని అడగాలె.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పని చేయండి. మీ తండాల ఎన్ని పాసుబుక్కులు ఆడవాళ్ల పేరు మీద ఉన్నయో లెక్క తీసి కింద రాయండి. ఆ లెక్కతోనే నోటిఫికేషన్ కోసం అడుగుదాం.