ఫోర్క్‌లిఫ్ట్ ఢీకొంటే బాధ్యత ఎవరిది? కాంట్రాక్ట్ కార్మికులు తెలుసుకోవాల్సిందే!

పినపాక నియోజకవర్గం అంటే అడవే కాదు.. సారపాక పేపర్ మిల్లు, మణుగూరు బొగ్గు గనులు, 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం కూడా. పరిశ్రమలున్న చోట గోదాములుంటాయి, గోదాముల్లో ఫోర్క్‌లిఫ్టులుంటాయి.

చూడ్డానికి చిన్న బండే. కానీ రెండున్నర టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ సొంత బరువే సుమారు 4 టన్నులు! స్టీరింగ్ తిరిగేది వెనుక చక్రాలకు. మలుపులో వెనుక భాగం పక్కనున్న మనిషి మీదకు ఊగుతుంది. లోడ్ ఎత్తుగా ఉంటే డ్రైవర్‌కు దారే కనపడదు. నిదానంగా తగిలినా కాలు నుజ్జే.

హెల్మెట్ ఒక్కటే కాపాడదు. మనుషుల దారి, బండి దారి వేరుగా ఉండాలి. లోడ్ అడ్డొస్తే రివర్స్‌లో నడపాలి.

మరి గాయపడితే? 'వాడు కాంట్రాక్టర్ మనిషి' అని చేతులు దులుపుకుంటే కుదరదు. తన ఆవరణలో, తన పనిలో దెబ్బ తగిలితే అసలు యజమానీ పరిహారం కట్టాల్సిందే. 1923 పరిహార చట్టం నుంచీ ఉన్న రూల్ ఇది.